బాయి నుంచి ఇంటి దాకా: ట్రామా శిక్షణల్లో అసలేం నేర్పిస్తారు?

‘ట్రామా’ అనే మాట మన హాస్టల్‌లో బాగా చవకైపోయింది. ఇంటర్నల్స్ ట్రామా, ల్యాబ్ రికార్డ్ ట్రామా, ఆదివారం మెస్ చికెన్ ట్రామా. హాస్పిటల్ బోర్డు మీద అదే మాట కనిపిస్తే ఎముకలు విరిగినవాళ్ళ వార్డు అని అర్థం. గ్రీకు భాషలో ఆ మాటకి మూలార్థం గాయమే కాబట్టి బోర్డు రాసినాయన తప్పేం రాయలేదు. మనసు వైద్యులు ఇదే మాటని పైకి కనపడని గాయానికి వాడతారు. ఈ వ్యాసం ఆ గాయం గురించి, అంతకంటే ఎక్కువగా దాన్ని చూసేవాళ్ళు ఆ పని ఎట్లా నేర్చుకుంటారన్న దాని గురించి.

మా పెద్దమ్మ కూతురు హైదరాబాద్‌లో క్లినికల్ సైకాలజీ చదువుతోంది. ఎప్పుడు ఫోన్ చేసినా ‘వర్క్‌షాప్‌లో ఉన్న రా’ అంటుంది. ఒకసారి ఆ వర్క్‌షాప్ పోస్టర్ పంపింది. ట్రామా నయం కావడం, సాన్నిహిత్యం, బంధాలు, మూడూ ఒకే వరుసలో ఉన్నాయి. ప్రమాదంలో బెదిరిన మనసుకి వైద్యం అంటే సరే, దాని పక్కన మొగుడు పెళ్ళాల సంసారం ఎందుకుంది? మూడు రోజుల పాటు డాక్టర్లు, సైకాలజిస్టులు, సోషల్ వర్కర్లు కూర్చుని దాని గురించి ఏం చదువుతారు? సెలవుల్లో అక్క కమాన్‌పూర్ వచ్చినప్పుడు నేను అడిగినవి, తర్వాత చదివి తెలుసుకున్నవి కలిపి రాస్తున్నాను.

జవాబు జబ్బు నిర్వచనంలోనే ఉంది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల బాధ పేరులేకుండా ఉండిపోవడంతో, 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన జబ్బుల పుస్తకంలో పీటీఎస్‌డీ అనే పేరు చేర్చింది. జరిగిపోయింది మళ్ళీ ఇప్పుడే జరుగుతున్నట్టు అనిపించడం, గుర్తుచేసే వాటికి దూరంగా తిరగడం, ఎప్పుడూ ప్రమాదం పక్కనే ఉన్నట్టు ఉలిక్కిపడటం దాని ముఖ్య లక్షణాలు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక, ఐసీడీ-11, ఇంకొక అడుగు ముందుకేసింది. కాంప్లెక్స్ పీటీఎస్‌డీ అనే విడి జబ్బుని గుర్తించి, పై మూడు లక్షణాలకు ఇంకో మూడు కలిపింది. కోపతాపాలు అదుపు తప్పడం, నేను దేనికీ పనికిరాను అన్న భావన, దగ్గరివాళ్ళతో దగ్గరగా ఉండలేకపోవడం. ఈ చివరిది చూడండి. బంధం దెబ్బతినడం ట్రామా తర్వాత ఎప్పుడో వచ్చే నష్టం కాదు, కొందరిలో జబ్బు లక్షణమే. పోస్టర్‌లో మూడు మాటలు ఒకే వరుసలో ఉన్నది అందుకే.

మన భాషలో చెప్పుకుందాం, ఈఈఈ వాళ్ళు నవ్వకండి. మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం ప్రొటెక్షన్ రిలే లాంటిది. ఫాల్ట్ కనపడగానే ఆలోచన కోసం ఆగకుండా ట్రిప్ చేస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి, పారిపోవడమో కలబడటమో కొయ్యబారిపోవడమో జరుగుతుంది. పెద్ద ప్రమాదం చూసినవాళ్ళలో ఆ రిలే సెట్టింగ్ కిందికి పడిపోతుంది. అప్పుడు మామూలు లోడ్‌కి కూడా ట్రిప్ అవుతుంది. కుక్కర్ విజిల్‌కి, తలుపు దబ్బున పడ్డ చప్పుడుకి, నిద్రలో భుజమ్మీద పడ్డ భార్య చెయ్యికి. మనిషికి అతి దగ్గరగా, చెప్పకుండా, చీకట్లో వచ్చే స్పర్శ ఎవరిది? ఇంట్లోవాళ్ళదే కదా. అందుకే తేడా మొదట బయటపడేది డ్యూటీలో కాదు, ఇంట్లో.

మన బెల్ట్‌లో దీనికి ఉదాహరణలు వెతకక్కర్లేదు. 2003 జూన్ 16న గోదావరిఖని ఏడో నంబర్ ఎల్ఈపీ గనిలోకి నీళ్ళు వచ్చి 17 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబర్ 16న జీడీకే 8ఏలో కప్పు కూలి 10 మంది పోయారు. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్‌లో కప్పు పడి ముగ్గురు చనిపోయారు. అప్పుడు మనలో చాలామంది ఇంటర్‌కి అటూ ఇటూ ఉన్నాం, కాలనీల్లో జనం ఎట్లా గుమిగూడారో గుర్తుండే ఉంటుంది. ఈ అంకెలు చనిపోయినవాళ్ళవి. ఆ షిఫ్టులో బతికి బయటికి వచ్చినవాళ్ళు, శవాలు మోసినవాళ్ళు, తర్వాతి షిఫ్టుకి అదే బాయిలోకి దిగినవాళ్ళు ఏ లెక్కలోనూ ఉండరు. తండ్రి పోయిన బాయిలోకే డిపెండెంట్ ఉద్యోగం మీద దిగే కొడుకు, వాణ్ణి సాగనంపే తల్లి కూడా ఉండరు.

మా ఇంటి సంగతి ఒకటి చెప్తాను. బాపు రాయమన్నాకే రాస్తున్నాను. కొన్నేళ్ళ కింద బాపు పనిచేసే చోట కప్పు కొంత పడింది. పక్కనున్న మనిషికి కాలు విరిగింది, బాపుకి గీత కూడా పడలేదు. దెబ్బ లేదు కాబట్టి సెలవు లేదు, పలకరించడానికి వచ్చిన చుట్టాలు కూడా లేరు. ఆ నెల నుంచే బాపు మంచం వరండాలోకి మారింది, రాత్రంతా లైట్ వెలగాల్సిందే. అమ్మ ఎందుకని అడిగితే బాపు ఒర్రేది. అమ్మ అడుగుడు బందు పెట్టింది. బాపు మాట్లాడుడు బందు పెట్టిండు. ‘నా మీద ఏదో మనసుల పెట్టుకున్నడు’ అని అమ్మ, ‘నేనెట్లున్న ఈమెకు పట్టదు’ అని బాపు. రెండేళ్ళు ఇట్లనే గడిచింది. ఇంట్లో గొడవ లేదు కాబట్టి అంతా మంచిగనే ఉందని మేం అనుకునేది.

ఇప్పుడు అక్క వెళ్ళిన వర్క్‌షాప్‌లలో ఒకదాని సంగతికి వస్తాను. ఎమోషనల్లీ ఫోకస్డ్ థెరపీ, పొట్టిగా ఈఎఫ్‌టీ. కెనడాలో సూ జాన్సన్, లెస్ గ్రీన్‌బర్గ్ 1980లలో తయారుచేసిన పద్ధతి. దీని ప్రధానమైన మాట చాలా సింపుల్. దంపతుల్లో తప్పు భార్యదా, భర్తదా అని చూడొద్దు, ఇద్దరి మధ్య తిరిగే చక్రాన్ని చూడు అంటుంది. ఒకరు వెంటపడతారు, ఇంకొకరు వెనక్కి జరుగుతారు. వెంటపడే కొద్దీ వెనక్కి జరగడం ఎక్కువవుతుంది, వెనక్కి జరిగే కొద్దీ వెంటపడటం ఎక్కువవుతుంది. మనం సర్క్యూట్స్‌లో చదివిన పాజిటివ్ ఫీడ్‌బ్యాకే ఇది. అవుట్‌పుట్ సాచురేట్ అయ్యాక ఇద్దరూ మౌనంగా కూర్చుంటారు. బయటికి అది ప్రశాంతతలా కనిపిస్తుంది. థెరపిస్ట్ పని ఆ లూప్‌ని ఇద్దరికీ కనపడేలా చేయడం, వెనక్కి జరిగే మనిషి లోపల ఉన్నది కోపం కాదు భయం అన్నది అతని నోటితోనే, భార్య వింటుండగా బయటికి వచ్చేలా చూడటం.

వినడానికి తేలిక. చేయడం అంత కష్టం కాబట్టే శిక్షణ. ఇట్లాంటి వర్క్‌షాప్‌లో పొద్దున లెక్చర్, తర్వాత నిజమైన సెషన్ వీడియో ఉంటుంది. అందులోని దంపతులు రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే దాన్ని చూపిస్తారు. మధ్యాహ్నం ముగ్గురేసి జట్లు కడతారు. ఒకరు థెరపిస్ట్, ఒకరు క్లయింట్, ఒకరు గమనించేవాళ్ళు, తర్వాత పాత్రలు మారతాయి. అక్క చెప్పిన దాని ప్రకారం ఎక్కువమంది తడబడేది మౌనం దగ్గర. క్లయింట్ మాట్లాడటం ఆపగానే ఏదో ఒక సలహా చెప్పేయాలని నాలుక దురద పెడుతుందట. పక్కన కూర్చున్న మూడో మనిషి ఆ సలహాలు లెక్కపెడతాడు. వర్క్‌షాప్ అయ్యాక సూపర్‌విజన్ మొదలవుతుంది, అది నెలల తరబడి నడుస్తుంది. మీ సెషన్‌లో ఏం జరిగిందో సీనియర్ ముందు పెట్టాలి, ఆయన అడ్డంగా కోస్తాడు. సర్టిఫికెట్ కంటే ఈ భాగమే విలువైనదని అక్క అభిప్రాయం. మన మినీ ప్రాజెక్టులకి ఇది ఎందుకు లేదో!

ఇంకో పేరు ఎక్కువ వినిపిస్తుంది, ఈఎండీఆర్. ఫ్రాన్సిన్ షాపిరో అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1987లో ఒక పార్కులో నడుస్తూ, కళ్ళు అటూ ఇటూ కదులుతుంటే తన మనసులోని చెడు ఆలోచనల తీవ్రత తగ్గడం గమనించింది, 1989లో దాని మీద మొదటి పరిశోధన అచ్చేసింది. బాధపెట్టే జ్ఞాపకాన్ని మనసులో పట్టుకుని, థెరపిస్ట్ వేళ్ళ కదలికని కళ్ళతో అనుసరించడం ఇందులో ఒక భాగం. మొదటిసారి వింటే మాయమంత్రంలా ఉంటుంది. కళ్ళ కదలిక ఎంతవరకు పనిచేస్తోంది, మిగతా పద్ధతి ఎంతవరకు పనిచేస్తోంది అన్న వాదన ఇంకా తెగలేదు. కానీ 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పీటీఎస్‌డీకి దీన్నీ, ట్రామాకి ప్రత్యేకించిన సీబీటీనీ సిఫారసు చేసింది. జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పాల్సిన పని లేకపోవడం ఈఎండీఆర్‌లో ఒక సౌకర్యం. బాపు లాంటి, నోరు విప్పని మనుషులకు ఇది చిన్న విషయం కాదు.

జాన్ గాట్‌మన్ అనే మరో అమెరికన్ పరిశోధకుడి మీద కూడా శిక్షణలు జరుగుతాయి. ఆయన దంపతులు గొడవపడుతుండగా గుండె వేగం కొలిచాడు. వేగం నిమిషానికి 100 దాటితే ఎదుటివాళ్ళ మాట చెవికెక్కదు, కనీసం 20 నిమిషాలు విడిగా ఉండి చల్లబడ్డాకే మాట్లాడుకోవాలి అంటాడు. రూమ్మేట్ల గొడవలకి కూడా ఇది పనికొస్తుంది, ట్రై చేయండి.

ఇక మన ఊళ్ళో అందరికీ తెలిసిన దానితో పోల్చి చెప్తాను, ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారం నాకు అట్లానే అర్థమైంది. బాయిలో కొత్తగా చేరినవాణ్ణి నేరుగా కిందికి దింపరు. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనల ప్రకారం వీటీసీలో ట్రైనింగ్ కావాలి, కొన్నేళ్ళకోసారి రిఫ్రెషర్ కావాలి. రెస్క్యూ వాళ్ళకైతే ఇంకా గట్టిగా ఉంటుంది. వాళ్ళకి 1985 నాటి రెస్క్యూ రూల్స్ వేరే ఉన్నాయి, రామగుండంలో రెస్క్యూ స్టేషన్ ఉంది. ధైర్యం ఉంది కదా అని ఎవరూ పొగలోకి ఉరకరు. ముందు ఫ్రెష్ ఎయిర్ బేస్ పెట్టుకుంటారు, అక్కణ్ణుంచి జట్టుగా పోతారు, బేస్‌తో మాట తెగనివ్వరు, ఆక్సిజన్ చూసుకుంటూ అది సరిపోయేలోపే తిరిగొస్తారు. జట్టులో అందరికంటే తక్కువ ఆక్సిజన్ ఎవరికి మిగిలిందో, వెనక్కి తిరిగే టైమ్ వాళ్ళని బట్టి ఉంటుంది.

ట్రామా శిక్షణలో నేర్పేది దాదాపు ఇదే. మొదటి రోజే గాయం దగ్గరికి పోకూడదు. ముందు భద్రత, నిద్ర, ఊపిరి, ఇంట్లో నమ్మకమైన ఒక మనిషి. బ్రిటిష్ వైద్యుడు జాన్ బౌల్బీ, ఆయన సహచరి మేరీ ఐన్స్‌వర్త్ చెప్పిన అటాచ్‌మెంట్ సిద్ధాంతంలో దీన్ని సెక్యూర్ బేస్ అంటారు. పసిపిల్ల తల్లి ఒడి నుంచి పాకి వెళ్ళి, భయమేస్తే తిరిగొచ్చే చోటు అది. పెద్దవాళ్ళకి ఆ చోటు ఎక్కువసార్లు జీవిత భాగస్వామే. ఆ బేస్ పాడైపోయి ఉంటే లోపలికి పోవడం ప్రమాదం. అందుకే ట్రామా చూసేవాళ్ళు బంధాన్ని కూడా చూడటం నేర్చుకోవాల్సి వస్తుంది. దంపతుల్లో ఎవరి ఊపిరి తక్కువగా ఉందో వాళ్ళని బట్టే సెషన్ వేగం నడవాలి. వినేవాళ్ళ సంగతీ అంతే. రోజూ ఇతరుల భయాలు వింటే థెరపిస్ట్‌కే నిద్ర పట్టని స్థితి వస్తుంది. దాన్ని గుర్తుపట్టడం, పని తగ్గించుకోవడం, సీనియర్‌తో మాట్లాడటం కూడా పాఠంలో భాగమే.

మన దేశంలో ఇట్లాంటి శిక్షణకి పెద్ద పునాది పడింది ఒక పారిశ్రామిక ప్రమాదం తర్వాతే. భోపాల్‌లో 1984 డిసెంబర్‌లో విషవాయువు లీకయ్యాక, అంతమంది మనసు చూడటానికి సైకియాట్రిస్టులు లేరు. 1985లో బెంగళూరు నిమ్హాన్స్ నుంచి వచ్చిన బృందం అక్కడి మామూలు ఎంబీబీఎస్ డాక్టర్లకు శిక్షణ ఇచ్చింది, వాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక మాన్యువల్ కూడా రాశారు. గుజరాత్ భూకంపం, సునామీ అప్పుడు ఊళ్ళో పనిచేసే కార్యకర్తలకు కూడా నేర్పారు. ఇప్పుడు నిమ్హాన్స్ డిజిటల్ అకాడమీ ద్వారా జిల్లాల్లోని డాక్టర్లు, నర్సులు ఉన్నచోటు నుంచే నేర్చుకునే ఏర్పాటుంది. అంటే పెద్దపల్లి జిల్లాలో ఉన్నాం కాబట్టి కుదరదు అనడానికి లేదు.

ప్రమాదం జరిగిన మొదటి గంటల్లో వాడేది ఇంకా వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్ గైడ్ దానికి ఆధారం. ఇది నేర్చుకోవడానికి సైకాలజీ డిగ్రీ అక్కర్లేదు. చూడు, విను, కలుపు అని మూడు పనులు. ఎవరికి తక్షణ సాయం కావాలో చూడటం, చెప్పాలనుకుంటే వినడం, నీళ్ళకో కబురుకో ఇంటివాళ్ళకో డాక్టర్‌కో కలపడం. ఏం జరిగిందో చెప్పు చెప్పు అని తవ్వకూడదు. అందర్నీ కూర్చోబెట్టి ఒక్క సిట్టింగ్‌లో కక్కించే పద్ధతి ఒకప్పుడు చాలా దేశాల్లో నడిచింది. దానివల్ల మేలు కనపడలేదు, కొందరికి కీడే జరిగింది, అందుకే వద్దంటున్నారు. మైకు పెట్టి ‘ఎట్లనిపిస్తుంది’ అని అడిగే టీవీవాళ్ళకి ఈ ట్రైనింగ్ ముందు ఇవ్వాలని నా కోరిక.

ఇన్‌స్టాలో వచ్చే ‘హీలర్’ వర్క్‌షాప్‌ల మీద మాత్రం జాగ్రత్త. క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకోవాలంటే 1992 నాటి చట్టం కింద రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. హీలర్, కోచ్ అనే పేర్లకి అట్లాంటి గడప లేదు, ఎవరైనా పెట్టుకోవచ్చు. రెండు రోజుల్లో బాల్యపు గాయాలన్నీ పోతాయి అన్నా, ఎవరు డబ్బు కడితే వాళ్ళని చేర్చుకున్నా, కొత్తవాళ్ళ ముందు నిలబెట్టి మీ కథ చెప్పి ఏడవమన్నా బయటికి వచ్చేయండి. సాన్నిహిత్యం పేరుతో ముట్టుకునే ఎక్సర్‌సైజులు పెడితే అసలు ఆలోచించొద్దు. నిజమైన శిక్షణలో సాన్నిహిత్యం అనేది చదివే విషయం. సమ్మతి అంటే ఏమిటి, హింస జరుగుతున్న ఇంట్లో దంపతుల్ని పక్కపక్కన కూర్చోబెట్టి కౌన్సెలింగ్ చేయడం ఎందుకు ప్రమాదం, క్లయింట్‌కీ థెరపిస్ట్‌కీ మధ్య గీత ఎక్కడుండాలి, ఇవి అక్కడ గంటల తరబడి నడుస్తాయి.

ఆ గీత వల్లే అక్క మా ఇంట్లో వైద్యం చేయలేదు. సొంతవాళ్ళకి థెరపీ చేయకూడదన్నది వాళ్ళ మొదటి పాఠాల్లో ఒకటి. దసరాకి వచ్చినప్పుడు వరండాలో మంచం చూసి, బాపుని ‘చిన్నాయనా, లోపల పండుకుంటే ఎట్లయితది?’ అని మాత్రం అడిగింది. బాపు చాలాసేపటికి ‘కప్పు మీదికొచ్చినట్టయితది’ అన్నాడు. వంటింట్లో ఉన్న అమ్మ విన్నది. అక్క 14416 నంబర్ రాసిచ్చింది. అది 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్, ఫ్రీ, తెలుగులోనూ మాట్లాడతారు. తర్వాత బాపు కరీంనగర్‌లో ఒక డాక్టర్ దగ్గరికి పోవడం మొదలుపెట్టాడు. ఇప్పటికీ లోపల పడుకోడు. అమ్మ మంచం కూడా వరండాలోకి వచ్చింది.

ఈ శిక్షణల్లో నాకు కనపడ్డ పెద్ద లోటు భాష. అన్నీ ఇంగ్లిష్‌లోనే జరుగుతాయి, రోల్ ప్లే కూడా. అక్కకి నేర్పిన ఒక ప్రశ్న, తెలుగులో పెడితే, ‘మీ శరీరంలో ఎలా అనిపిస్తోంది?’ ప్రాక్టీస్‌లో ఒక పెద్దావిడని అట్లా అడిగితే ‘మోకాళ్ళ నొప్పులు బిడ్డా’ అన్నదట. ‘అది యాదికొస్తే ఎక్కడ పట్టినట్టయితది, ఛాతిలనా కడుపులనా?’ అని మార్చాక గానీ అసలు మాట రాలేదు. మనవాళ్ళు డిప్రెషన్ అనరు, ‘పానం మంచిగ లేదు’ అంటారు. యాంగ్జయిటీ అనరు, ‘గుండె గుబగుబ’ అంటారు. ట్రామా అనరు, ‘దడుసుకున్నడు’ అంటారు, అని తాయెత్తు కట్టిస్తారు. తాయెత్తు సంగతి పక్కన పెడితే, ఆ మాటలో రోగ నిర్ధారణ కరెక్ట్‌గానే ఉంది.

అందుకే మన క్లబ్ తరఫున ఒక పని మొదలుపెట్టాం. కమాన్‌పూర్, సెంటినరీ కాలనీ, గోదావరిఖని ఇళ్ళల్లో భయానికి, దిగులుకి, దూరానికి వాడే మాటలు రాసి అక్క వాళ్ళ బ్యాచ్‌కి పంపుతున్నాం. పేర్లు రాయడం లేదు, మాటలు మాత్రమే. ఇప్పటికి నోట్‌బుక్‌లో ఇరవై పేజీలు నిండాయి. ఇంటిమసీకి మాత్రం కుదిరిన మాట ఇంకా దొరకలేదు. సాన్నిహిత్యం పుస్తకాల్లో ఉంది, ఇళ్ళల్లో లేదు. దాంపత్యం అంటే పెళ్ళిపత్రికలా ఉంది. ‘మంచిగుంటున్నరా’ అని అడిగితే ఆడవాళ్ళకి అర్థమవుతోంది, మగవాళ్ళు జీతం గురించి చెప్తున్నారు. మీ అమ్మమ్మ, నాయనమ్మ ఏమంటారో అడిగి గ్రూప్‌లో పెట్టండి.